బోడి చేతుల ఇంటికి గాజుల గంప

పామిడి చుట్టుపక్కల పల్లెల్లో తిరుపాలమ్మ గాజుల గంప దించని వీధి లేదు. లారీ నడిపే మొగుడి వల్ల ఆమెకు హెచ్ఐవీ అంటుకుంది. పెద్దాసుపత్రి మాత్రలు మొగుడూ పెళ్లాలిద్దరూ రోజూ మింగుతూ గట్టిగానే నిలబడ్డారు. అది చూసి, ఆసుపత్రికి రావడం మానేసినవాళ్లకు మందు చేర్చే పని అక్కడి నర్సమ్మ ఈమెకే అప్పగించింది.

మందు సీసాలు గంప అడుగున, గాజులు పైన. ఉపాయం తిరుపాలమ్మదే. గాజులమ్మే మనిషి ఏ ఇంట్లోనైనా చెయ్యి పట్టుకుని ఎంతసేపైనా కూర్చోవచ్చు. చెవిలో గుసగుసలాడినా ఇదేందని అడిగేవాళ్లుండరు. చాలా ఇళ్లలో అలాగే సాగింది.

ఆంజినమ్మ దగ్గర తప్పింది.

ఆంజినమ్మ మొగుడు బోరుబండి మీద పనిచేసి, ఇదే జబ్బుతో పోయాడు. ఊళ్లో కామెర్లని చెప్పుకున్నారు. ఆసుపత్రి వరుసలో ఎవరి కంటనైనా పడతానని ఆమె మందే మానేసింది. "నువ్వు రావద్దులే, నేనే తెచ్చిస్తా" అని తిరుపాలమ్మ ధైర్యం చెప్పి, గంపతో సహా ఆ ఇంట్లోకి పోయింది. మొగుడు పోయిన ఆడదాని గడప గాజుల గంప తొక్కదని పసిపిల్లకైనా తెలుసు. తన చేతులు నిండుగా ఉన్నందుకో ఏమో, ఆ పూట తిరుపాలమ్మకు తట్టనే లేదు.

బయటికి రాగానే ఎదురింటి అంగడి వరలక్ష్మమ్మ అరుగు మీద నుంచే అందుకుంది.

"ఏమ్మే తిరుపాలూ, బోడి చేతులామెకి గాజులేందే?"

"మేనకోడలికంట లేక్కా."

"ఆమెకి తోడబుట్టినోళ్లే లేరే! మేనకోడలు యాడ నుంచి ఊడిపడె?"

తిరుపాలమ్మ గంప నెత్తికెత్తుకుంది. జవాబు వరలక్ష్మమ్మే చెప్పుకుంది.

"ఓహో! ఎవడో తగులుకున్నాడన్న మాట."

పొద్దుగూకేలోగా ఊరంతా పాకింది. మళ్లీ పోయినప్పుడు ఆంజినమ్మ తలుపు సందులోంచే మాట్లాడింది.

"రావాకక్కా, నీకు దండం పెడతా."

"గంప తేనులేమ్మే. లేదంటే సంతకు రా, ఆడ ఇస్తా."

"యాడికి పోయినా ఎనకాలే వస్తాండారు, వాడెవడో చూడాలని. సీసా చూస్తే?"

"అయితే నిజమే చెప్పు! ఈ నింద కంటే రోగం నయం కదే?"

"కాదక్కా. చెడిపోయిందన్నా శెనక్కాయ కలుపుకి పిలుస్తారు. నవ్వుకుంటానే పిలుస్తారు. ఈ రోగమని తెలిస్తే నా చేతికి నీళ్ల చెంబు ఇచ్చేదెవరు? ఎవడో ఉండాడనే అనుకోనీ."

"మందు లేకుంటే చస్తావే!"

"కూలి లేకున్నా అంతే కదక్కా" అని తలుపేసుకుంది.

తర్వాత ఒకసారి శెనక్కాయ చేలో కనిపించింది. కలుపు తీసే ఆడవాళ్లలో అందరికంటే వెనకబడి దగ్గుతోంది. రవిక భుజాల మీద నిలవడం లేదు. గట్టు మీద నుంచి తిరుపాలమ్మ పిలిస్తే ఆమె తప్ప అందరూ తలెత్తారు. గాజులు కావాలా అని వాళ్లనే అడిగి ముందుకు పోయింది. నర్సమ్మ తానే వస్తానంది. ఆసుపత్రి మనిషి ఆ గడప తొక్కితే ఇక దాగేదేముందని తిరుపాలమ్మే వద్దంది. అది మేలో కీడో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. పైరే ఎండిపోతే కలుపెక్కడిది? ఆంజినమ్మ ఏ కూలి కోసం మందు మానిందో ఆ కూలీ పోయింది. మందు లేని ఒంట్లో టీబీ చేరి, ముదిరి, మంచం పట్టి, తలుపు వేసిన ఇంట్లోనే ప్రాణం విడిచింది.

మట్టి చేసి వచ్చాక వరలక్ష్మమ్మ కళ్లొత్తుకుంటూనే తిరుపాలమ్మను పిలిచింది.

"ఆ ఎదవ ఇడిసిపెట్టి పోయినట్లుండాదే. దిగులుతోనే పోయె పాపం. గాజులిచ్చినదానివి, నీకి తెలిసే ఉంటాది. వాడు ఉండెనా లేదా?"

నిజం చెప్పేద్దామనుకుంది తిరుపాలమ్మ. దాన్ని దాచడానికే కదా ఆ పిల్ల చచ్చింది.

"ఉండె లేక్కా, ఒకడు."

"అట్ల చెప్పు! ఏ ఊరోడే?" అంటూ వరలక్ష్మమ్మ జరిగి, అరుగు మీద చోటిచ్చింది.

తిరుపాలమ్మ కూర్చుని, లేని మనిషికి ఒక ఊరు వెతకసాగింది.