మేనమామ అరచెయ్యి

అన్నకు చెవులు మందగించాయని కాదు చెల్లెలి భయం. వినపడకపోయినా విన్నట్టు తలూపుతాడని.

రేకుల మూతలు అచ్చు గుద్దే షాపులో అతను మీసాలు రాకముందే చేరాడు. మిషను మోత చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. ఆ సంగతి బయటపడితే పని పోతుందని తలూపడం నేర్చుకున్నాడు. అది ఇంట్లోనూ అలవాటైపోయింది.

ఇప్పుడు చెల్లెలి కాన్పు కుట్లకు చీము పట్టింది. ఆసుపత్రికి వెళ్లక తప్పదు. ఆమె మొగుడు లారీ ఎక్కాడు, రేపటికి గానీ రాడు. దగ్గేవాళ్లతో కిక్కిరిసిన ఆ వరండాలోకి పురిటిబిడ్డను ఎలా తీసుకెళ్లడం?

"నాకివ్వు, నే చూస్తా" అన్నాడు అన్న.

ఆమె అటు తిరిగి గిన్నె కడుగుతూ ఏదో చెప్పింది. అతను తలూపాడు.

"ఏం చెప్పాను?" అంది ఇటు తిరిగి.

"పాలు... పాలు పట్టమన్నావు."

"పట్టొద్దన్నాను! ఇప్పుడే తాగింది. మళ్లీ పోస్తే పొలమారుతుంది. గంగిరెద్దులా ఆ తలూపడం ఎప్పుడు మానతావన్నయ్యా?"

అతని మొహం మాడిపోయింది. "నాకు సరిగా వినపడదే" అన్నాడు.

"తెలుసు. నీ నోటితో అనడం ఇదే మొదలు."

బిడ్డను అతని ఒళ్లో పెట్టింది. "చీర మార్చుకొస్తా. నీ దగ్గర వదలాలో మానాలో అప్పుడు చెప్తా."

గది తలుపు మూసుకుంది. అతను గోడకు ఆనుకుని, బిడ్డ ఛాతీ మీద అరచెయ్యి ఆనీ ఆననట్టు ఉంచాడు. ఏడిస్తే చెయ్యే చెప్పాలి. ఊపిరి పైకి, కిందికి. పైకి, కిందికి.

ఆగింది.

కళ్లార్పకుండా చూశాడు. కదలిక లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. బిడ్డను గుండెకు హత్తుకుని లేచి, తలుపు దబదబా బాదాడు.

"ఒసే! ఊపిరాగిందే! రావే!"

ఆమె సగం కట్టిన చీరతోనే వచ్చిపడి, బిడ్డను లాక్కుంది. బిడ్డ ఆవలించింది.

ఇద్దరూ చెమటలతో నిలబడ్డారు. అయిపోయింది, ఇక తాకనివ్వదు అనుకున్నాడతను.

ఆమె అతనికి ఎదురుగా వచ్చింది, పెదాలు కనపడేలా. "పసిపిల్లలు అలా ఊపిరి ఆపి మళ్లీ తీస్తారట. నర్సు చెప్పింది. మొదటిసారి నేనూ వీధంతా లేపాను."

"అయితే ఊరికే కంగారుపడ్డాను."

"మళ్లీ ఆగితే?"

"మళ్లీ కంగారుపడతా."

"అప్పుడు నేనుండనుగా."

"పక్కింటావిడ తలుపు బాదుతా. తిడితే తిట్టనీ."

"తిట్లు నీకెక్కడ వినపడతాయిలే."

"అవొక్కటే వినపడతాయి."

ఆమె నవ్వలేదు. చీర సర్దుకుని సంచి తీసుకుంది. అతను మళ్లీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బిడ్డను అతని ఒళ్లో పెట్టింది. మళ్లీ తీసుకుంది. మళ్లీ పెట్టింది. ఈసారి బిడ్డ కింద నుంచి తన చేతులు ఒక్కొక్కటిగా లాక్కుంది.

తర్వాత మెట్లు దిగి వెళ్లింది.