అక్క ఇచ్చిన ఎర్రతల మంత్రి

మొన్న మధ్యాహ్నం అన్నం తిని చాప మీద నడుం వాల్చబోతుంటే, మా మనవరాలు చదరంగం ఆడుతున్న ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టి, "చూడవ్వా, నా క్వీన్ ఇచ్చేసి గెలిచినా" అని ఎగిరింది. అది క్వీన్ అనేది మన కాలంలో మంత్రి అన్నదాన్నే. ఆ ఎత్తు పక్కన మెచ్చుకోలుగా ఏదో మెరిసే గుర్తు కూడా పడింది. మనవరాలు గెలిస్తే అవ్వకు సంతోషం కలగాలి గదా, నాకు మాత్రం కడుపులో మంట లేచింది. మంట దాని మీద కాదు, మా అక్క మీద. జుట్టు పూర్తిగా తెల్లబడింది గానీ ఈ ఏడుపు మాత్రం నల్లగా నిగనిగలాడుతూ అలాగే ఉంది.

నేను అక్షరాలు నేర్చుకున్నది మనవలు పుట్టాక, ఊళ్ళో పెద్దవాళ్ళ కోసం సాయంత్రం పూట పెట్టిన బడిలో. కనుక ఈ రాతలో సొగసులు వెతక్కండి. మా అక్కకు ఈనాటికీ వేలిముద్రే. ఆ ఒక్కదాంట్లో నేనే ముందు. ఆ మాట ఇక్కడే రాసిపెడుతున్నాను, పోను పోను రాయడానికి చోటు దొరకదేమోనని.

మాది జువ్వలదిన్నె. మా నాయన సముద్రం మీద బతికినవాడే గానీ, చేపలు ఎండాక గంపకెత్తుకుని బిట్రగుంట రైల్వే కాలనీకి తానే మోసుకుపోయి అమ్మేవాడు. అక్కడ రైలింజను నడిపే డ్రైవరుగారు ఒకాయన, బేరం ముగిశాక వరండాలో కూర్చోబెట్టుకుని నాయనకు చదరంగం నేర్పాడు. నాయన ఇంటికొచ్చి విరిగిన తెడ్డుతో పావులు చెక్కి, పాత పడవ పలక మీద బొగ్గుతో గళ్ళు గీసి, పడవకు వేయగా మిగిలిన రంగుతో ఒక మంత్రికి ఎర్రతల, రెండోదానికి నల్లతల పెట్టాడు. కడలి పొంగి పడవలు ఒడ్డునే ఉండే రోజుల్లో, బోర్లించిన పడవ నీడలో అక్కనూ నన్నూ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఆడించేవాడు. మగపిల్లలు లేరన్న బెంగ ఆయనకు అప్పుడు గుర్తొచ్చేది కాదు.

ఎర్రతల మంత్రి ఎప్పుడూ అక్కదే, పెద్దది కాబట్టి. చేప తల అక్క కంచంలోకే, కొత్త పరికిణీ ముందు అక్కకే, అది పొట్టయ్యాక నాకు. నల్లతల మంత్రితో నేను ఎన్ని ఆటలు గెలిచినా నాయన తలూపేవాడంతే. అక్క ఒక్కసారి తన మంత్రిని వదిలేసి గెలిస్తే, తొడ చరిచి నవ్వేవాడు. నేను ఒక్క పావు పోనీయకుండా, ఆరబెట్టిన చేపల్ని కాకుల నుంచి కాపాడినట్టు కాపాడుకుంటూ ఆడేదాన్ని. కాపలా ఆటకు తొడ చరిచేవాడు ఎక్కడున్నాడు చెప్పండి?

ఒకనాడు నాయన, డ్రైవరుగారు మీ ఆట చూస్తానన్నారు, ఒక్కదాన్నే తీసుకుపోతాను, రెండోది అమ్మతో చేపల కాపలా ఉండాలి, ఈ ఆట గెలిచినదే నాతో వస్తుంది అన్నాడు. నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో మాకు రైలు అంటే దూరంగా వినబడే కూత. దాన్ని దగ్గర నుంచి చూడాలని, కాలనీ ఇంట్లో కరెంటు ఫ్యాను కింద కూర్చోవాలని నాకు ఎంత ఆశో. అందుకే ఆనాడు ఊపిరి బిగబట్టి ఆడాను. అక్క ఏనుగొకటి పట్టేశాను. ఇక అక్క పని అయిపోయిందని నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు అక్క, చీర మడత పెట్టినంత నెమ్మదిగా, ఎర్రతల మంత్రిని తీసి సరిగ్గా నా ఏనుగు నోటి ముందు పెట్టింది.

ఇక్కడ మా రేవు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఒడ్డుకొచ్చిన పడవవాళ్ళు చేతిలో చేప పెడితే వద్దనకూడదు. వద్దంటే కడలి అలుగుతుంది, మర్నాటి వల ఖాళీగా వస్తుందని నమ్మకం. ఆ నమ్మకాన్నే మావాళ్ళు పలక మీదికీ తెచ్చారు. ఎదుటివాళ్ళు పావు ఇస్తే తీసుకుని తీరాలి. నేను చెయ్యి చాచి ఆగాను. ఏదో తేడాగా ఉందనిపించింది. పక్కన వల బాగుచేస్తున్న మా మేనత్త ఊరుకుంటేనా.

"ఏమ్మే, దేవుడి ముందర కూర్చున్నట్టు కూర్చున్నావ్? తీసుకోవే! నువ్వు వద్దంటే రేపు మా అన్న వలలో నాచు తప్ప ఏముంటది?"

తీసుకున్నాను. నా ఏనుగు మంత్రి మీదికి పోయింది, రాజు వరుస బోసిపోయింది. అక్క మిగిలిన ఏనుగు నేరుగా ఆ వరుసలోకి వచ్చి కూర్చుంది. నా బంట్లే నా రాజుకు అడ్డం, కదలడానికి గడి లేదు. నాయన తొడ చరిచిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆట పోయింది, నా పిడికిట్లో మాత్రం ఎర్రతల మంత్రి ఉంది.

అక్క కాలనీకి పోయింది. ఫ్యాను గురించి, బిస్కట్ల గురించి, పెట్టె లోపల గుడ్డ పరిచిన నున్నటి పావుల గురించి నెల పొడవునా చెప్పింది. ఆ తర్వాత నాయన దాన్నే వెంటబెట్టుకుపోయేవాడు. ఆ రాకపోకల్లోనే డ్రైవరుగారి మాట మీద రైల్వేలో పనిచేసే అబ్బాయితో దాని పెళ్ళి కుదిరింది. ఇటుక గోడల ఇంట్లో అది కాపురం చేసింది. నేను పడవ మనిషిని చేసుకుని, గంప నెత్తికెత్తుకుని, దాని ఇంటి ముందు నుంచే చేపలు కేకేసుకుంటూ పోయాను. పిలిచి మంచినీళ్ళిచ్చేది. ఆ నీళ్ళు కూడా నాకు మండేవి.

మొన్న మనవరాలికి ఆ ఆట చెప్పి ఫోనులో పావులు అలాగే పెట్టించాను. ఒక్క పావు కూడా నేను మరిచిపోలేదు. ఫోను రెప్పపాటులో చెప్పేసింది. "నువ్వు క్వీన్ తీసుకోకుండా, రాజు ముందరి బంటు ఒక్క గడి జరిపుంటే నువ్వే గెలిచేదానివవ్వా. ఎందుకు తీసుకున్నావు?" అంది పిల్ల. వల గురించి చెబితే పడీ పడీ నవ్వింది.

మర్నాడు పొద్దున్నే మనవరాలి ఫోను అడిగి తీసుకుని, ఆటో ఎక్కి బిట్రగుంట పోయాను. అక్క గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. దాని కళ్ళు మసకేసి చాలా కాలమైంది, నా గొంతు విని, "ఏందే, ఇంత పొద్దున్నే వచ్చినావ్?" అంది. ఫోను దాని ముందు పెట్టి, నీ ఎత్తు తప్పే, నీది గెలుపే కాదు అని మొత్తం చెప్పాను. అది చింతపండులో నుంచి చెయ్యి తీయలేదు.

"ఆ బంటు సంగతి నాకప్పుడే తెలుసుమే. నువ్వది జరిపితే నా పని అయిపొయ్యేది."

"మరెందుకిచ్చినావు?"

"ఎర్రతలది నీకు కావాల గదా. పుట్టినప్పటి నుంచీ నా చేతిలో ఏముంటే అదే కావాల నీకు. అత్త చెప్పినా, చెప్పకపోయినా తీసుకునేదానివే."

అక్క ఇంత చింతపండు ఆకులో చుట్టి నా చేతిలో పెట్టింది. వద్దనకుండా తీసుకున్నాను.

మేము పడవ బోర్లించిన ఇసుక మీద ఇప్పుడు హార్బరు సిమెంటు ఉంది. మా మనవరాలు ఏ ఊళ్ళో ఎవరితో ఆడుతోందో దానికే తెలియదు. గళ్ళు చూస్తే చాలు, ఎదుటి మనిషి మొహం చూసే పని లేదు. తప్పు ఏదో ఫోను చెబుతుంది, ఆ తప్పు ఎవరి చేత ఎందుకు చేయించవచ్చో మాత్రం దానికి తెలియదు. ఇంతకాలం అక్కకు దక్కిన రైలును చూసి, అది కూర్చున్న ఫ్యాను గాలిని చూసి ఏడ్చాను. నన్ను అంత లోతుగా చదివిన ఆ చూపును చూసి ఏడవాలని నాకు తోచనే లేదు. అక్షరాలు నేను నేర్చుకున్నాను గానీ చదువు అక్కకే వచ్చింది. నన్నంతగా చూసిన మనిషి మరొకరు లేరు. ఆ కళ్ళకిప్పుడు గడపలో నిలబడినా నేను కనబడను.