వెనక పట్టుకున్న చెయ్యి

2018 వేసవి. కర్నూలులో నంద్యాల రోడ్డు పక్కన నా షెడ్డు. మామూలు మోటారు సైకిళ్ల రిపేరే నా బతుకు. కుర్రతనంలో బెంగళూరులో రేసింగ్ బండ్ల గ్యారేజీలో పనిచేసి వచ్చినందువల్ల డర్ట్ బైకులు కావలసినవాళ్లు కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. డర్ట్ బైకుకు లైట్లుండవు, నెంబరు ప్లేటుండదు. మట్టి ట్రాకు మీద దిబ్బలెక్కి దూకడానికే గాని రోడ్డుకు పనికిరాదు.

ఆ వేసవిలో బనగానపల్లె దగ్గరి నుంచి దేవదానం వచ్చాడు. మామిడితోట, ట్రాక్టరు ఉన్న రైతు. వెంట పదమూడేళ్ల కూతురు కరుణ. తోటలో నాయన పాత బండి నడిపి చెయ్యి తిరిగిన పిల్ల. బేతంచర్ల వైపు గనులవాళ్లు వదిలేసిన నేలలో కొందరు కుర్రాళ్లు ట్రాకు చేసుకుని పోటీలు పెడుతున్నారు. కొత్తవాళ్ల పోటీలో తానూ దిగుతానని ఇంట్లో పట్టుబట్టిందట.

ఆమె ఒడ్డూ పొడుగూ చూడగానే నాకు తెలిసిపోయింది, తగింది ఎనభై అయిదు సీసీ బండి అని. అది బెంగళూరు నుంచి తెప్పించాలి, నెల పడుతుంది. షెడ్డులో మాత్రం ఒక రెండువందల యాభై సీసీ బండి అడిగేవాడు లేక ఏడాదిగా దుమ్ము పట్టి ఉంది. దేవదానం చూపు నేరుగా దాని మీదికే పోయింది.

"క్రిస్మస్‌కు గౌను కుట్టించినా ఒక సైజు పెద్దదే కుట్టిస్తామప్పా, పెరిగే బిడ్డ గదా. చిన్న బండి తీసుకుంటే వచ్చే ఏడు ఏం జేయాల?" అన్నాడు.

గౌను పెద్దదైతే మడిచి కుట్టొచ్చు. బండిని మడవలేం. ఆ మాట నేను అప్పుడే అనాల్సింది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు బండి ఎంచేటప్పుడు మొదట చూడాల్సింది ఇంజను కాదు, సీట్ హైట్, అంటే నేల నుంచి సీటుకు ఉన్న ఎత్తు. బూట్లు వేసుకుని కూర్చుంటే రెండు పాదాల ముందు భాగాలూ ఒకేసారి నేలకు ఆనాలి. కరుణకు ఎడమ కాలి బొటనవేలు మాత్రమే ఆనింది. కుడి కాలు గాల్లో ఉంది.

నేను బండి వెనక నిలబడి, మడ్‌గార్డు కింద చెయ్యి పెట్టి నిటారుగా పట్టుకున్నాను. దేవదానం ముందు నిలబడి ఫోను తీసి ఫోటో తీస్తున్నాడు. అక్కడి నుంచి చూస్తే పిల్లే బండిని నిలబెట్టినట్టు కనబడుతుంది.

కరుణ వెనక్కి తిరక్కుండానే అడిగింది: "మామా, యెనకాల పట్టుకున్నావా?"

"లేదమ్మా, నువ్వే నిలబెట్టినావు" అన్నాను.

కాళ్లు అందుతున్నట్టు లేవని దేవదానం కాసేపు నసిగాడు. సాగ్ గురించి చెప్పాను. మనిషి కూర్చుంటే స్ప్రింగులు అణగి బండి కొంత దిగుతుంది, దాన్ని సాగ్ అంటాం. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ స్ప్రింగులు బరువైన మగవాడికి బిగించినవి. ఆ పిల్ల బరువుకు అవి దిగవని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. నా మాట నమ్మి బండి కొన్నాడు.

పోటీ రోజు నేనూ వెళ్లాను. జెండా ఊపకముందే, స్టార్ట్ లైను దగ్గర కరుణ బండి ఇంజను ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేయాలంటే ఒక కాలు నేల మీద గట్టిగా ఊని, రెండో కాలితో కిక్ కొట్టాలి. ఊనడానికి ఆమెకు కాలు ఎక్కడిది? బండి కుడివైపు ఒరిగి ఆమె మీద పడింది. కుడి మోకాలి కింది ఎముక చిట్లింది. పక్క బండ్ల మీది కుర్రాళ్లు కొందరు నవ్వారు.

దేవదానం నన్ను పక్కకు పిలిచి, "మస్తానూ, నువ్వు యెనకాల పట్టుకున్నావని పాప అంటాండాది, నిజమేనా?" అని అడిగాడు.

"బండి బాగానే ఉండాదన్నా. పాపకే గుండె జారింది" అన్నాను.

ఆ మాటే ఊళ్లోకి పోయింది. కరుణ మళ్లీ ట్రాకు ఎక్కలేదు, నాయన ఎక్కనివ్వలేదు.

2024లో ఒకరోజు కరుణ ఒక్కతే షెడ్డుకు వచ్చింది. కడపలో డిగ్రీ చదువుతోంది. స్టూలు వేస్తే కూర్చోలేదు.

"మా చెల్లెలు శాంతికి పన్నెండేండ్లు మామా. నాకంటే బాగా తోలుతాది. నాయన వద్దంటాండాడు. అక్క జడుసుకుని పడిపోయింది, నువ్వూ అంతేనంటాండాడు."

నేను వెనక పట్టుకున్నది ఆ రోజే నీకు తెలుసా అని అడిగాను.

"నువ్వు చెయ్యి తీస్తానే బండి ఒరిగింది గదా. నాయనకు చెప్పినా. పెద్దోళ్ల మాటే నమ్మినాడు. నాకేం చెప్పొద్దు మామా, పోయి ఆయనకు చెప్పు."

ఆ ఆదివారం చర్చి ప్రార్థన అయ్యే వేళకు వాళ్ల ఊరు వెళ్లాను. దేవదానం బయటికి రాగానే వేపచెట్టు నీడకు పిలిచి, చెయ్యి ఎక్కడ పెట్టిందీ, ఎందుకు పెట్టిందీ, అన్నీ చెప్పాను. ఆయన అరుస్తాడనుకున్నాను. చాలాసేపు బైబిలు సంచీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ నిలబడ్డాడు.

"పెద్దది కావాలన్నది నేనే గదప్పా" అన్నాడు చివరకు.

"నువ్వు తెలీక అడిగినావన్నా. నేను తెలిసి ఇచ్చినా."

"బిడ్డ నిజమే చెప్పింది. పిరికిదని ఎన్ని తూర్లు ఎగతాళి చేసినానో" అని, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఇప్పటికీ మా వైపు ఆ అమ్మాయి మాట వస్తే భయపడి పడిపోయిందనే అంటారు. అందుకే ఇది రాస్తున్నాను. ఆమె భయపడలేదు. కాలు అందని బండి మీద ఆమెను కూర్చోబెట్టింది నేను.

బండి కోసం పిల్లల్ని తీసుకొచ్చే వాళ్లకు ఇప్పుడు ఒకటే చెబుతున్నాను. వచ్చే ఏటి కాళ్లకు కాదు, ఈనాటి కాళ్లకు కొనండి. పిల్ల బండెక్కాక అమ్మేవాణ్ణి నాలుగడుగులు దూరంగా నిలబడమనండి.

ఆ ఆదివారం గడిచిన రెండు నెలలకు, చెప్పాపెట్టకుండా, దేవదానం శాంతిని, కరుణను వెంటబెట్టుకుని వచ్చాడు. చిన్న బండి తెప్పించాను. అది వచ్చిన రోజు ముగ్గురూ మళ్లీ వచ్చారు, శాంతి ఎక్కి కూర్చుంది. కరుణ ముందు నిలబడి ఫోను తీసింది. దేవదానం బిడ్డ పాదాల వైపు చూడలేదు. బండి చుట్టూ నడిచి వెనక్కి వచ్చి, ముందు నా చేతులు ఎక్కడున్నాయో చూశాడు.