పని వేడి, ఉత్త వేడి

నా బల్ల కింద కంప్యూటర్ వెనక నుంచి వచ్చే గాలికి కాలిన దుమ్ము వాసన ఉంటుంది. ఆ వెచ్చదనం కాళ్లకి తగలగానే వంగి అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తాను. చూసినవాళ్లు నాకు పిచ్చనుకుంటారు, అనుకోనీ! ఆ అలవాటు చేసింది సుగుణ మేడమ్.

ఊరంతా జావా జావా అని ఊగిపోతున్న రోజులవి. అమీర్‌పేటలో ఓ మేడ మీద, రేకుల కప్పు కింద మేడమ్ గారి కంప్యూటర్ కోచింగ్ సెంటర్. తెనాలి నుంచి వచ్చిన నాకు అక్కడ పాఠాలు చెప్పడం మొదటి ఉద్యోగం. ఉన్నది ఒకే ఒక్క బ్యాచ్. అది చెదిరితే నేను పెట్టె సర్దుకోవాల్సిందే. ఆ ఎండాకాలం ల్యాబ్ తలుపు తీస్తే ఇడ్లీపాత్ర మూత తీసినట్టే ఉండేది.

"ఏసీ పెట్టించండి మేడమ్, పిల్లలు వెళ్లిపోతారు" అని బతిమాలాను.

"ఏసీ సంగతి తర్వాత. ముందుగాల గీడ చెయ్యి పెట్టు" అంటూ నా చెయ్యి లాగి ఓ కంప్యూటర్ వెనక పెట్టారు. చురుక్కుమంది.

"బాగా పని చేస్తోంది కదండీ, అందుకే" అన్నాను తెలివిగా.

మేడమ్ పకపకా నవ్వారు. కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బాని ఎస్‌ఎంపీఎస్ అంటాం. మావన్నీ నాసిరకం. "గోడ నుంచి మస్తు గుంజుతది, లోపలికి తక్కువిస్తది. నడుమ పోయిందంత గిట్ల వేడై మన మొకాన కొడ్తది. పని చేసిన కరెంటు సుత ఆఖరికి వేడే అయితదనుకో. కానీ పని చేసి వేడెక్కుడు వేరు, ఉత్తగ వేడెక్కుడు వేరు." ఆ రోజే మంచి రకం ఎస్‌ఎంపీఎస్‌లు తెప్పించమని దుకాణానికి ఫోన్ చేశారు.

అవి రాకముందే కొంప మునిగింది. శనివారం క్లాసు మధ్యలో సురేందర్ అనే కుర్రాడు లేచి నిలబడ్డాడు. "గీ ఉడుకుల కూసోలేం మేడమ్. పక్క బిల్డింగ్‌ల ఏసీ ఉంది, అందరం గాడికే పోతున్నం."

నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. "పొండి! చదువుకునే మొహాలేనా మీవి?" అని అరుస్తుండగా వెనక నుంచి ఓ అరచెయ్యి నా మెడ మీద పడింది. "అబ్బో! జర ఆగుండ్రి. గీమెకు సుత ఎస్‌ఎంపీఎస్ మార్చాలె!" అన్నారు మేడమ్. క్లాసంతా ఘొల్లుమంది. కోపంలోనూ నాకు నవ్వాగలేదు.

"సోమవారం దాంక చూడుండ్రి. నచ్చకుంటే నేనే దగ్గరుండి దింపి వస్త" అన్నారు సురేందర్‌తో.

ఆదివారం కొత్తవి రాగానే ఇద్దరం కొంగులు దోపుకుని డబ్బాలన్నీ మార్చేశాం. సోమవారం సురేందర్ వస్తూనే కంప్యూటర్ వెనక చెయ్యి పెట్టాడు. గది చల్లబడిపోలేదు గానీ, కూర్చోగలిగేలా అయింది. "నయమే మేడమ్" అని కూర్చున్నాడు. వెనకే అందరూ కూర్చున్నారు. హమ్మయ్య, నా ఉద్యోగం నిలబడింది.

మేడమ్ ఇప్పుడు లేరు. తలుచుకుంటే ఏడుపు కంటే ముందు నవ్వే వస్తుంది నాకు. నిన్న పంజాగుట్టలో మా ఆఫీసులో, కొత్తగా చేరిన అమ్మాయి ఏదో పొరపాటు చేస్తే అరవబోయాను. చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. కాలిపోతోంది.

"ఏమైంది మేడమ్, జ్వరమా?" అంది ఆ అమ్మాయి బెదురుగా.

"కాదమ్మా, ఎస్‌ఎంపీఎస్" అని కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టుకున్నాను.