రేకుల కింద నాసిక్ వైన్

“ఆ సీసా తియ్యే. ఒక్క గుక్క.”

“డాక్టర్ వద్దన్నడు గద. సప్పుడు జేయకుండ పండు.”

మొదటిది మా ఆయన మాట, రెండోది నాది. మధ్యాహ్నం గంజి పట్టుకెళ్లేసరికి ఊపిరి లేదు. నాకు సంతకం వరకే వచ్చు. చెల్లి బిడ్డ రాస్తానంటే చెబుతున్నాను.

లాల్‌పేట్ బొగ్గు బావిలో ఆయన ఛాతీ పాడైంది. అక్కడ మానేశాక ఇద్దరం నాసిక్ ద్రాక్షతోటలకు కోతకు పోయాం. అవి తినే ద్రాక్షలు కావు. నల్లగా, రేగుపండంత కూడా ఉండవు. తొక్క మందం, లోపలంతా గింజలే. ఎండ ఎక్కకముందే కోయాలి. చలికి వేళ్లు మొద్దుబారి, కత్తెర ఏ వేలికి తగిలిందో నెత్తురు చూస్తేగానీ తెలిసేది కాదు. పిండితే రసం తెల్లగానే వస్తుంది. తొక్కలతో నానితేనే వైన్ ఎర్రబడుతుందని అక్కడే చూశాం.

కోతలు అయిపోయిన రోజు మమ్మల్ని కూలికి తీసుకుపోయిన ముకద్దం జంటకో వైన్ సీసా ఇచ్చాడు.

“ఎంత పాతవడితే అంత మంచిగైతదట,” అని ఆయన దాన్ని మా బాబుపేట్ ఇంట్లో రేకుల కింద అటక మీద నిలబెట్టాడు. చంద్రాపూర్ ఎండాకాలాలు నాలుగు దాని మీదుగా పోయాయి.

ఆయన పోయిన మూడో రోజు ఏటి ఒడ్డున పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి పెడితే కాకి ముట్టాలి. ముట్టలేదంటే మనసులో ఏదో మిగిలినట్టు. అన్నం, కోడికూర పెట్టి, బిరడాను మేకుతో లోపలికి పొడిచి, దొప్పలో వైన్ పోశాను. ఇటుక రంగు తిరిగింది. ముక్కు పగిలే పులుపు వాసన.

“ఏందొదినే, అన్నకు పచ్చళ్లల్ల పోసే సిర్కా తెచ్చినవా?” అన్నాడు మరిది.

కాకులు దొప్ప దాకా వచ్చి ఎగిరిపోయాయి.

“ముట్టుకో అన్నా, వదినను నేను జూసుకుంట,” అని మరిది మొక్కాడు.

“తప్పు నాదే. అడిగినప్పుడే ఇయ్యాల్సింది,” అని నేనూ మొక్కాను. ఒక్కటీ దిగలేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చాక అంతా ఏట్లో వదిలాం.

ఆ రోజు ఇచ్చి ఉంటే నోట్లో పోసుకొని తనే ఊసేసేవాడు. పాడైందని తనకే తెలిసేది. ఇప్పుడు నేనే ఇవ్వలేదని మనసులో పెట్టుకొని పోయాడు.

ఇగ చాలు బిడ్డా. ఏం రాసినవో గట్టిగ సదువు, వింట.