కాగితం బోర్డు, సముద్రపు గాలి

2012లో నరసన్నపేటలో నాకు చిన్న దుకాణం ఉండేది. కంపెనీ సెట్ల రిపేర్లతో రోజు గడిచేది. పాట శుభ్రంగా వినాలనుకునేవాళ్ల కోసం సొంతంగా కట్టే ఆంప్లిఫయర్ల వల్ల మాత్రం పేరొచ్చింది. ఆ ఏడు భావనపాడు వైపు సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి చర్చి పాస్టరు గారు వచ్చి, పాటల బృందానికి మంచి మైకు సెట్ కావాలన్నారు. “మావాళ్లు నాలుగు గొంతుల్లో పాడతారండి. నాలుగూ విడివిడిగా వినపడాలి.”

ఇలాంటి సెట్‌లో కీలకం ప్రీయాంప్. మైకు నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని మొదట పెంచేది అదే. అక్కడ పిసరంత తేడా వచ్చినా స్పీకర్లో పెద్దదై వినిపిస్తుంది. అందుకే దాన్ని ఏ పీసీబీ మీద, అంటే రాగిగీతల పలక మీద, కడతామన్నది ముఖ్యం. నా దగ్గర రెండు రకాలుండేవి. గాజునారతో చేసిన గ్లాస్ ఎపాక్సీ తేమను దాదాపు పీల్చదు. కాగితం పొరలతో చేసిన పేపర్ ఫినాలిక్ పీలుస్తుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. అయితే గాజు బోర్డుకు రంధ్రాలు పెడితే డ్రిల్ బిట్లు మొద్దుబారతాయి, ఆ పొడికి చేతులు సాయంత్రం దాకా దురదపెడతాయి. కాగితం బోర్డులో బిట్టు వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఏళ్ల తరబడి అదే వాడాను, ఈ సెట్‌కూ అదే. నరసన్నపేటలో ఎవరూ వంక పెట్టలేదు.

సెట్ బిగించిన మధ్యాహ్నం ఆడవాళ్ల వరసలో ఒకామె ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. సెట్ చూసుకునే పని యోసేపు గారిది. సముద్రం మీదికి వేటకు వెళ్లే మనిషి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, అయినా ‘నువ్వు’ అనే అనేవాణ్ని. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుంటే గాని ఆయన మైకు ముట్టేవారు కాదు. చర్చిలో ఆయనకున్న గౌరవమంతా ఆ పనిలోనే ఉండేది.

డిసెంబరులో తెల్లవారుజాము ప్రార్థనలు మొదలయ్యాక స్పీకర్లో చిటపటలని ఫోనొచ్చింది. నేను పదకొండింటికి వెళ్లాను. ఏమీ లేదు.

“మంచు దిగినప్పుడే బాబూ ఈ గోల,” అన్నారు యోసేపు గారు. “ఎండెక్కితే నోరు మూసుకుంటాది. దీనికి మా గాలి పడతన్నట్టు లేదు. ఓపాలి తెల్లారగట్ల వొచ్చి సూడు.”

చుట్టూ పాస్టరు గారు, ఇంకో పదిమంది ఉన్నారు. చేపలు పట్టే మనిషి నా సెట్‌కు వంక పెడుతున్నాడనిపించింది.

“గాలి కాదు. తడి చేతులతో వైర్లు ముట్టుకుంటే ఏ సెట్టయినా అరుస్తుంది. వల లాగినట్టు లాగకు,” అన్నాను.

వెనక ఎవరో నవ్వారు. “ఒరే మావా, రేపట్నించి సేతులు ఎండేసుకొని రా,” అన్నాడొకడు. “ఉప్పు సేపల పక్కనే ఎండేత్తాడులే,” అన్నాడింకొకడు.

యోసేపు గారు తన అరచేతులు చూసుకున్నారు. “తడేటి బాబూ, తుడుసుకునే వత్తన్నాను,” అన్నారు.

మరుసటి వారం మైకు దగ్గర వేరే మనిషిని పెట్టారు. చిటపటలు మాత్రం ఆగలేదు. ఈసారి తెల్లవారకముందే వెళ్లాను. కిటికీ చువ్వల మీంచి నీళ్లు కారుతున్నాయి. స్పీకర్లో నూనెలో ఆవాలు పడ్డట్టు చప్పుడు. మూత విప్పి, జుట్టు ఆరబెట్టే డ్రయర్‌తో ప్రీయాంప్ బోర్డుకు వేడిగాలి పట్టాను. కాసేపటికి చప్పుడు ఆగింది. డ్రయర్ ఆపి కూర్చుంటే, అరగంటకు మళ్లీ మొదలైంది. కాగితం పీల్చిన తేమ, ఉప్పుగాలి కలిసి ఒక రాగిగీత నుంచి పక్క గీతకు కరెంటుకు దొంగదారి వేశాయి. దీన్నే లీకేజ్ అంటాం. యోసేపు గారు చెప్పింది అక్షరాలా అదే.

గ్లాస్ ఎపాక్సీ మీద ప్రీయాంప్ కొత్తగా కట్టి, సోల్డరింగ్ పేస్టు మరకలు కడిగి, తేమ తగలకుండా వార్నిష్ పూసి బిగించాను. చిటపట మళ్లీ రాలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు అందరి ముందూ అడిగారు: “ఇంతకీ లోపం ఎక్కడండీ?”

యోసేపు గారు వెనక చాప మీద కూర్చుని ఉన్నారు.

“లోపల ఒక పార్టు పోయిందండి, మార్చాను,” అన్నాను.

బయట యోసేపు గారు చెప్పులు వేసుకుంటున్నప్పుడు పక్కకు వెళ్లి, గొంతు తగ్గించి, తప్పు నా బోర్డుదేనని చెప్పాను.

“నాకు తెలుసు గదా బాబూ,” అన్నారు. “నాకెందుకు సెప్తావు? తెలవనోళ్లు లోపలున్నారు.”

నేను స్కూటరు తీశాను. ఆ ఊళ్లో చాలాకాలం ఆయన్ని ‘తడిసేతుల యోసేపు’ అనే పిలిచారని తర్వాత తెలిసింది. మైకు దగ్గరికి ఆయన మళ్లీ రాలేదు.

అప్పటి నుంచి ఒడ్డు ఊళ్లకు కాగితం బోర్డు వాడలేదు. సెట్ అడిగినవాళ్లను మీ ఊళ్లో మంచు ఎప్పుడు దిగుతుంది, గోడలు చెమ్మగిల్లుతాయా అని ముందే అడుగుతాను. కానీ బోర్డుల సంగతి నాకు అంతకుముందే తెలుసు. కొత్తగా తెలిసిందల్లా, పదిమందిలో అన్న మాటను చెప్పుల దగ్గర వెనక్కి తీసుకోలేమని. అది ఆ క్షణమే తెలిసింది. తలుపు తీసే ఉంది, అందరూ ఇంకా లోపలే ఉన్నారు, పది అడుగుల దూరం. వెళ్లలేదు.