ఏసుపాదం కుట్టించుకున్న సంచి

గవర్నర్‌పేటలో లారీ టార్పాలిన్లు కుట్టేదెవరని అడిగితే ఆ రోజుల్లో ఎవరైనా నా కొట్టే చూపించేవాళ్లు. బుల్లెమ్మ కుట్టిందంటే గుడ్డ చిరగాలిగానీ కుట్టు ఊడదని పేరు. దాని నోరు కూడా అలాంటిదేనని వెనకాల అనుకునేవాళ్లు, అనుకోనీండి. మొగుడు పోయిన ఆడది మిషను ముందు కూర్చుని లారీ డ్రైవర్లతో బేరాలాడాలంటే మెత్తగా ఉంటే కుదురుతుందా? మింగేసి పోరూ?

నా సంగతికేం గానీ, నేను చెప్పేది ఏసుపాదం సంగతి. ఉప్పెన వచ్చి ఏడాది తిరిగాక వచ్చాడు నా కొట్టుకి. దివిసీమ మనిషి, ముప్పయ్యేళ్లుంటాయి. ఊరు ఊడ్చుకుపోయాక బెజవాడ చేరి, మా వీధి చివర లాడ్జిలో పక్కలు దులిపి దుప్పట్లు మార్చే పనిలో కుదురుకున్నాడు. మెత్తటి మాట. కళ్లు మాత్రం మన మొహం మీద నిలవవు. మన వెనకాల ఎవరో నుంచున్నట్టు అటే చూస్తాడు. మొదటిసారి నేనూ వెనక్కి తిరిగి చూశాను, నిజం చెప్పొద్దూ.

"బుల్లెమ్మగారూ, వీపుకి తగిలించుకునే సంచి ఒకటి కుట్టాలండీ. మిలిట్రీ వాళ్లకి ఉంటుందే, అలాంటిది."

"మిలిట్రీలో చేరుతున్నావా ఏం?"

"లేదండీ. బరువేసుకుని నడవటానికి. అలవాటు చేసుకోవాలి."

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! సంచి మొయ్యలేక జనం రిక్షా ఎక్కుతుంటే, నువ్వు మొయ్యటానికి సంచి కుట్టించుకుంటావా?"

నవ్వలేదు. టార్పాలిన్ ముక్కలన్నీ వేలితో నొక్కి నొక్కి చూసి, అన్నిట్లోకీ మందంగా ఉన్నది తీశాడు. సరే, పిచ్చోడైనా బేరం బేరమే కదా, కుట్టిచ్చాను.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. చొక్కా భుజాల దగ్గర రక్తం మరకలు. తాడు పట్టీలు కోసేశాయి. "నాకు ముందే చెప్పి ఏడవకూడదూ!" అని కేకలేసి, తాళ్లు కత్తిరించి పడేసి, మంచాలకి అల్లే నవారు వెడల్పుగా మడతపెట్టి, లోపల బూరుగుదూది కూరి కుట్టాను. ఆ తరవాత ఇసుక గొడవ. సంచిలో ఇసుక పోసుకుంటే అదంతా అడుక్కి దిగి మనిషిని వెనక్కి లాగేస్తుంది. అడుగున ఎండుగడ్డి కుక్కి, ఇసుకని వేరే గుడ్డసంచిలో బిగించి కట్టి పైన పెట్టుకోమన్నాను, వెన్నుకి అంటిపెట్టుకునేలా.

"అవునండీ, పైనే ఉండాలి. మెడ దగ్గరికి రావాలి" అన్నాడు సంబరంగా.

నడుముకి పటకా కుడతాను, సగం బరువు నడుం తీసుకుంటుందంటే వద్దన్నాడు. కాన్వాసు బూట్లు కొనుక్కోవయ్యా, రాళ్లూ ముళ్లూ అంటే అదీ వద్దన్నాడు. ఒట్టి కాళ్లతోనే నడవాలిట. పనికి పోకముందు బందరు కాలువ గట్టు మీద నడక. మొదట కొద్దిగా వేసుకుని, ఒంటికి పట్టాక ఇంకో డబ్బా ఇసుక, మళ్లీ ఇంకో డబ్బా. పాదాలు బొబ్బలెక్కి, పగిలి, మానాక తోలులా గట్టిపడ్డాయి. వాన పడితే మనమంతా చూరు కిందకి పరిగెడతామా, ఇతగాడు సంచి తగిలించుకుని బయటికి పరిగెత్తేవాడు.

ఒక ముసురు పొద్దున నేను ఆ గట్టు మీదుగానే వస్తున్నాను. ఎదురుగా ఏసుపాదం. ముందుకి వంగి, చేతులు రెండూ వెనక్కి పెట్టి, సంచి అడుగుని పట్టుకుని నడుస్తున్నాడు. మాట్లాడుతున్నాడు కూడా. "గట్టిగా పట్టుకో. వదలమాక. అదిగో, వచ్చేశాం" అంటున్నాడు. ఆ సంచి నేను కుట్టిందే, ఆ పట్టీలు నా చేత్తో కుట్టినవే. అయినా ఆ వానలో అవి రెండు చేతులు అతని మెడని చుట్టుకున్నట్టే కనిపించాయి. పట్టపగలు ఒళ్లు జలదరించింది.

"ఎవరితోనయ్యా మాట్లాడుతున్నావ్?"

ఉలిక్కిపడి ఆగాడు. తడిసిన మొహం తుడుచుకున్నాడు. "మా అమ్మతోనండీ" అన్నాడు.

అక్కడే గట్టు మీద కూర్చోబెట్టి చెప్పించాను. తల్లి పేరు సంపూర్ణమ్మ. సన్నటి మనిషి. ఉప్పెన రోజు నీళ్లు ఇంట్లోకి వస్తుంటే ఆమెని వీపునెక్కించుకుని చర్చికి బయల్దేరాడు. ఊరికంతటికీ రాతికట్టడం అదొక్కటే. దగ్గరే, కాలువ గట్టు పట్టుకుని పోతే కనపడుతూనే ఉంటుంది. మోకాలి నీళ్లు నడుందాకా వచ్చాయి, నడుం నీళ్లు రొమ్ముదాకా వచ్చాయి. సగం దారిలో తూము దగ్గర ఉన్నట్టుండి వీపు తేలికైంది. తిరిగి చూస్తే అమ్మ లేదు. శవం కూడా దొరకలేదు.

"చేతులు తిమ్మిరెక్కాయండీ. నేనే వదిలేసుంటాను. అదికాదండీ..." అని ఆగి, గట్టు మట్టిని గోళ్లతో గీరుతూ అన్నాడు. "వీపు తేలికవగానే నాకు హాయిగా అనిపించిందండీ. ఒక్క క్షణం. ఏ కొడుక్కైనా అలా అనిపిస్తుందా?"

ఆ హాయే రాత్రీ పగలూ అతన్ని వెంటాడుతోంది. ఆ క్షణం నుంచీ ఆవిడ వెనకాలే నడుస్తోందంటాడు. లాడ్జిలో దుప్పటి దులిపితే తడి చీర వాసన వస్తుందంటాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమయ్యా? ఇప్పుడు మోసి ఏం చేస్తావ్?"

"తెలుసుకోవాలండీ. అంత బరువుతో ఆ దారంతా నడవగలనా లేదా. నడవలేకపోతే, నా వల్ల కాని పనే అనుకుంటాను. నడిచానంటే..." ఆ మాట పూర్తి చెయ్యలేదు.

ఆ పూర్తి చెయ్యని మాట నాకు ఉప్పెన వచ్చి రెండేళ్లు నిండిన నవంబరులో అర్థమైంది. ఒక పొద్దున తన రేకుపెట్టె తెచ్చి నా కొట్టులో పెట్టాడు. "ఊరెళుతున్నానండీ. నేను రాకపోతే ఇందులో బట్టలు ఎవరికైనా ఇచ్చెయ్యండి." తిరిగొచ్చే మనిషి పెట్టె అప్పజెప్పి పోతాడా? వీడు నడవగలిగితే కాలవలో దూకుతాడు, అంతే సంగతి. వాడు నడవగలిగేలా నవారు మడతపెట్టి, దూది కూరి, కుట్టు మీద కుట్టు వేసిందాన్ని నేను! ఒళ్లు మండిపోయింది. కొట్టుకి తాళమేసి, అవనిగడ్డ బస్సులో వాడి పక్కన కూర్చున్నాను.

"మీరెందుకండీ?"

"నా సంచి ఎలా నడుస్తుందో చూడొద్దూ? నోరు మూసుకుని కూర్చో."

అవనిగడ్డలో ఇంకో బస్సు మారి, ఆపైన నడిచి చేరాం. ఆ ఊరు చూస్తే ఏడుపొచ్చింది. తలలు విరిగిన తాటిచెట్లు, ఉప్పు తేరిన చేలు. వీళ్ల ఇల్లున్న చోట మట్టిదిబ్బ మిగిలింది. కొత్త కాలనీ ఎక్కడో ఎడంగా కట్టారు, ఇటు మనిషి అలికిడి లేదు. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గాలికి ఎవరో పిలిచినట్టుండేది.

ఏసుపాదం చెప్పులు విడిచి, సంచి ఎత్తుకుని, దిబ్బ మీంచి బయల్దేరాడు. నేను వెనకాలే. దేవుడా, వీణ్ణి పడెయ్యి, మోకాళ్లు విరిచెయ్యి అని వాళ్ల దేవుడికీ మా దేవుడికీ కలిపి మొక్కాను. పడలేదు. ఏడాది నడిచిన కాళ్లు కదా. తూము దాటాడు, గట్టు దిగాడు, చర్చి మెట్టు మీద సంచి దించాడు. పెద్దగా రొప్పు కూడా లేదు.

నా వైపు తిరిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చేర్చగలిగేవాణ్ణండీ" అన్నాడు. అని కాలవకేసి చూశాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏం చేర్చావురా? ఇసుకని చేర్చావు! ఇసుక భయపడుతుందా? మెడ పట్టుకుంటుందా? ఇంత బుద్ధి లేనివాడివి ఏడాది నా ప్రాణం తీశావు. రా, ఆ దిబ్బ దగ్గరికి. నన్నెత్తుకో, ఉప్పుమూట!"

"అయ్యో, మిమ్మల్నా?"

"నన్నే. మీ అమ్మంత ఉంటాను. ఎత్తుకోకపోతే ఇక్కడే కూర్చుంటా, నాకు అన్నం ఎవరు పెడతారో చూద్దాం."

యాభై దాటిన ఆడదాన్ని, పరాయి మగాడి వీపునెక్కాను. చూసేవాళ్లు లేరు కాబట్టి సరిపోయింది. నవ్వులాట అనుకున్నాను కానీ ఎక్కాక నవ్వు రాలేదు. గట్టు సన్నం, పక్కన నీళ్లు, కింద పడతానని భయం. మెడ చుట్టూ రెండు చేతులూ గట్టిగా బిగించేశాను. ఇసుకతో తేలిగ్గా నడిచినవాడు నాతో తూలుతున్నాడు. నేను భయపడి కదిలినప్పుడల్లా అడుగు తడబడుతోంది. తూము దగ్గరకి వచ్చేసరికి అతని ఊపిరి ఈల వేస్తోంది. గొంతు నరాలు నా మోచేతి కింద కొట్టుకుంటున్నాయి. వీడి గుండె నా రొమ్ముకి తెలుస్తోంది. అయ్యో, వీణ్ణి చంపేస్తున్నానే అనిపించింది. నేనేం ఆలోచించలేదు. చేతులు వాటంతటవే విడిపోయాయి.

గుప్పున ఊపిరి పీల్చాడు. నేను వెనక్కి వాలి బురదలో కూలబడ్డాను, నాతోపాటు అతనూ. నడుం కలుక్కుమంది.

ఏసుపాదం కదల్లేదు. చేతులు ఇంకా నా మోకాళ్లని పట్టుకునే ఉన్నాయి. ఆ చేతుల కేసే చూస్తున్నాడు.

"ముందు మెడ వదులైందండీ" అన్నాడు మెల్లిగా. "ఆ రోజూ అంతే. ముందు మెడ. అప్పుడు ఊపిరొచ్చింది. వీపు తేలికైంది ఆ తరవాత. నేను పట్టుకునే ఉన్నానండీ. నీళ్లు లాక్కుపోయేదాకా పట్టుకునే ఉన్నాను."

"నీకు ఊపిరాడలేదయ్యా. నా చేతుల్తో నీ గొంతు పిసికేస్తున్నట్టనిపించి వదిలేశాను. పరాయిదాన్ని, నాకే చేతులు ఆగలేదు. కన్నతల్లికి ఆగుతాయా?"

ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. లేచి, తూము గోడ ఎక్కి, సముద్రం వైపు తిరిగాడు. లేవబోతే నడుం లేవనీయలేదు. ఏసుపాదం దూకలేదు. తిట్టటం మొదలుపెట్టాడు. అంత మెత్తటి మనిషికి అంత గొంతుందని నాకు తెలీదు.

"ఎవరు వదలమన్నారే నిన్ను! నేనడిగానా? దించుతానన్నానా? మోసేవాణ్ణి కదే! చర్చి దాకా మోసేవాణ్ణి కదే, అమ్మా! నన్నెందుకు నమ్మలేదే!"

గొంతు పోయేదాకా తిట్టాడు. నేను ఆపలేదు. ఆ బురదలోనే కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొడుకు తల్లిని తిట్టే తిట్లన్నీ విన్నాను.